'చివరకు మిగిలేది' నవలలో ప్రతీకలు – ఆత్మాన్వేషణ

(బాన్సువాడ విశ్రాంత ఉద్యోగుల సాహిత్య గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, ట్రెజరీ పనులు ముచ్చటించుకోవడం రివాజు. అవి అవసరమైన ముచ్చట్లే, కాదనను. అయితే ఈ రోజు ఒక గంటసేపు వాటిని పక్కన బెట్టి, ఆధ్యాత్మిక యాత్రను చిత్రించిన ఒక నవల గురించి, అందులోని ప్రతీకల గురించి మాట్లాడమని పెద్దలు నన్ను ఆదేశించారు. వారి ఆదేశం శిరోధార్యం.

ఆధ్యాత్మిక యాత్ర అనగానే మనకు కాశీ, రామేశ్వరం గుర్తుకు వస్తాయి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి బయలుదేరి, మన హైదరాబాదు రాజ్యం మీదుగా కాశీకి వెళ్ళి, 1831లో తిరిగివచ్చి ఆ యాత్రా చరిత్రను మనకు మిగిల్చారు. నవలల మాటకు వస్తే, జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే 1922లో ప్రచురించిన 'సిద్ధార్థ' ప్రపంచమంతటా పేరు పొందింది. అందులో కథానాయకుడు ఎందరో గురువులను వెదికి, చివరకు ఒక పడవవాని పక్కన కూర్చుని నది చెప్పే పాఠం వింటాడు. మంజీర ఒడ్డున ఉన్న మనకు ఆ నది ప్రతీక సులభంగానే బోధపడుతుంది.

కాని నేను ఈ రోజు తీసుకున్న నవలలో కాషాయ వస్త్రం లేదు, గురువు లేడు, ఆశ్రమం లేదు. ఒక డాక్టరు ఉన్నాడు, అతని మీద పడిన ఒక నింద ఉన్నది, ఒక ప్రశ్న ఉన్నది. ఆ నవల బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది'. ఇది కూడా ఆధ్యాత్మిక యాత్రే అని, అందులోనూ ఉద్యోగ విరమణ చేసిన మనలాంటివారు ప్రత్యేకంగా చదువుకోదగిన యాత్ర అని మనవి చేయడమే నా ఉద్దేశం.

ముందుగా ఒక చిన్న వివరణ. 1960లో సావిత్రిగారు నర్సుగా నటించిన 'చివరకు మిగిలేది' అనే చలనచిత్రం మీలో చాలామంది చూసి ఉంటారు. దానికీ ఈ నవలకూ పేరు తప్ప సంబంధం లేదు. ఆ చిత్రం ఒక బెంగాలీ చిత్రానికి తెలుగు రూపం.

బుచ్చిబాబుగారి అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916లో ఏలూరులో జన్మించారు. ఇంగ్లీషు సాహిత్యం చదివి, అనంతపురంలో ఉపన్యాసకులుగా పనిచేసి, 1945లో రేడియోలో ఉద్యోగానికి చేరారు. 1967లో, యాభై ఒక్కటో ఏట, ఉద్యోగ విరమణ వయస్సు రాకముందే కన్నుమూశారు. కథలు, నాటికలు, షేక్స్పియర్ మీద విమర్శ వ్రాశారు. చక్కని చిత్రకారులు కూడా. వ్రాసిన నవల మాత్రం ఇదొక్కటే. 1940ల దశకంలో పత్రికలో ధారావాహికగా వెలువడి, ఆ తరువాత పుస్తకమయింది. ఆయన పుట్టిన కాలువల నేల ఒకటి, కొన్నాళ్ళు బ్రతికిన రాళ్ళ నేల మరొకటి. నవలలోని ప్రయాణం కూడా ఈ రెండు నేలల నడుమనే సాగుతుంది.

కథను క్లుప్తంగా చెబుతాను. కథానాయకుడు దయానిధి. అతని తల్లి నడవడిని గురించి ఊరు ఏదో అనుకుంటుంది. ఆ మాట నిజమా, అబద్ధమా, ఎంతవరకు నిజం అన్నది వేరే సంగతి. తల్లి చనిపోయినా మాట చావదు. అతడు వైద్యం చదివినా, ఏ ఇంట అడుగుపెట్టినా, పెళ్ళి మాట వచ్చినా ఆ మాట అతనికంటే ముందు వెళ్ళి గడపలో కూర్చుంటుంది. పేదింటి పిల్ల కోమలి మీద అతనికి మోహం. మేనమామ కూతురు సుశీల ఉన్నది. బంధువు, మరొకరి భార్య అయిన అమృతం ఉన్నది. పెళ్ళి ఇందిరతో జరుగుతుంది. ఇందిర తండ్రి పోలీసు ఉద్యోగి. అల్లుడు స్వాతంత్ర్యోద్యమంతో సంబంధం పెట్టుకున్నాడన్న కోపంతో కూతురిని కాపురానికి పంపడు. దయానిధి ఊరు విడిచి అనంతపురం ప్రాంతానికి, వజ్రకరూరుకు చేరుతాడు. అక్కడ వజ్రం దొరుకుతుంది. గని, సంపద, ఆస్పత్రి, పేరు, అన్నీ వస్తాయి. జబ్బుపడిన ఇందిర అప్పుడు భర్త దగ్గరకు చేరి, అక్కడే కన్నుమూస్తుంది. తరువాత సీమవారు, సర్కారువారు అన్న ద్వేషం రగిలి, అతడు కట్టుకున్నది నిప్పుల పాలవుతుంది. అన్నీ పోయిన వేళ కోమలి వస్తుంది. నవల పేరులోని ప్రశ్న అప్పుడు పాఠకుని ముందు నిలబడుతుంది.

ఇక ప్రతీకల సంగతి. ప్రతీక అనే మాటకు భయపడనక్కరలేదు. కుర్చీ అంటే నాలుగు కాళ్ళ కొయ్య సామాను. ఆఫీసులో అదే అధికారం. 'కుర్చీ పోయింది' అంటే బల్ల ముందున్న సామాను ఎవరో ఎత్తుకుపోయారని ఎవరూ అనుకోరు. ఒక వస్తువు తన పని తాను చేస్తూనే, దాని వెనుక ఉన్న మరో అర్థాన్ని చూపితే అది ప్రతీక. మంచి నవలలో ప్రతీక పైనుంచి అతికించినట్టు ఉండదు. కథలో నుంచి సహజంగా పుడుతుంది. బుచ్చిబాబుగారి నవలలో అటువంటివి నాలుగింటిని ఎత్తి చూపుతాను. ఇవి నాకు తోచిన అర్థాలు. మీకు వేరేగా తోచవచ్చును.

మొదటిది పేరు. దయానిధి అంటే దయకు నిధి. ఇంట్లోవారు, చనువున్నవారు అతన్ని 'నిధి' అని పిలుస్తారు. ముందున్న 'దయ' రాలిపోయి 'నిధి' మాత్రం మిగులుతుంది. అతని జీవితమూ అట్లాగే నడుస్తుంది. నేలలో నిధి దొరుకుతుంది. దయ మాత్రం, ఇతరుల మీదనే కాదు, తన మీద తనకు దయ, చాలా ఆలస్యంగా దొరుకుతుంది. అట్లాగే ఇందిర అన్నది లక్ష్మీదేవి పేరు. ఇంట లక్ష్మి నిండిన కాలంలోనే ఇందిర వెళ్ళిపోతుంది. రచయిత ఈ పేర్లను ఊరికే పెట్టి ఉంటారని నేను అనుకోను.

రెండవది తల్లి మీద పడిన మచ్చ. పాపపుణ్యాల లెక్క వేయడం రచయిత ఉద్దేశం కాదు. తల్లి గురించిన మాట కొడుకు మోయవలసి రావడం ఏమి న్యాయం అన్నది అతని బాధ. ఇంగ్లీషు చదువుకున్నవారికి ఇక్కడ హామ్లెట్ గుర్తుకు వస్తాడు. హామ్లెట్‌కూ తల్లి ప్రవర్తనే మనస్సులో ముల్లు. కాని హామ్లెట్ తల్లి మీద కోపగించుకుంటాడు. దయానిధి తల్లిని ద్వేషించలేడు. ఆమెను ప్రేమిస్తూనే ఆమె పేరు వల్ల బాధపడతాడు. అందుకే అతని బాధ ఎక్కువ లోతుకు దిగుతుంది. ఇక్కడ తల్లి ఒక వ్యక్తి మాత్రమే కాదు. మనం కోరుకోకుండానే మనకు సంక్రమించినదానికంతటికీ ఆమె ప్రతీక. కులం, ఇంటిపేరు, తాత చేసిన అప్పు, తండ్రికి ఊళ్ళో ఉన్న మంచి చెడ్డ పేరు, ఇవన్నీ మన సంతకం లేకుండానే మన ఖాతాలో పడిన పద్దులు.

మూడవది నేల, వజ్రం. కాలువలు, కొబ్బరి చెట్లు, వరి చేలు ఉన్న గోదావరి నేల నుంచి దయానిధి రాళ్ళ నేలకు వెళ్తాడు. ఈ మార్పు మనకు చక్కగా అర్థమవుతుంది. 1931లో నిజాంసాగరు పూర్తయిన తరువాత మన ప్రాంతంలో కాలువ పారిన పొలమేమిటో, కాలువ ఎక్కని మెరక ఏమిటో పక్కపక్కనే చూస్తూ పెరిగినవాళ్ళం. పచ్చని చోట అన్నీ కప్పబడి ఉంటాయి, మనుషుల గుట్టుతో సహా. రాతి నేల మీద దాక్కోవడానికి చోటుండదు. మనిషి తనను తాను చూసుకోక తప్పదు. అందుకే రచయిత తన నాయకుణ్ణి అక్కడికి పంపించారు.

వజ్రకరూరు కల్పిత గ్రామం కాదు. వజ్రాలు పుట్టే శిలలున్న నేల అది. నేటికీ తొలకరి వానలు పడగానే ఆ చుట్టుపక్కల, జొన్నగిరి, తుగ్గలి పొలాలలో జనం తలలు వంచుకుని రాళ్ళు ఏరుతూ కనబడతారు. వాన పైమట్టిని కడిగితే లోపలిది పైకి తేలుతుందని ఆశ. ఆత్మాన్వేషణకు ఇంతకంటె మంచి పోలిక దొరకదు. కష్టాల వాన మన పైమట్టిని కడుగుతుంది. లోపలినుంచి తేలేది రాయో, రత్నమో అప్పుడు తెలుస్తుంది. అయితే రచయిత ఇక్కడ ఒక మెలిక పెట్టారు. దయానిధికి నిజంగానే వజ్రం దొరికింది. వెదికినవానికి దొరికితే కథ అయిపోవాలి. ఇక్కడ అవదు. డబ్బు వచ్చింది కాబట్టి ఊరు తల్లి మాట మరచిపోయిందా? గౌరవం వచ్చింది కాబట్టి అతని మనస్సు కుదుటపడిందా? లేదు. వెదుకవలసిన చోటు వేరే ఉన్నదని తెలియజెప్పడానికే వజ్రం దొరికింది.

నాలుగవది నిప్పు. ఎక్కడివాడు, ఎవరివాడు అన్న ప్రశ్న రగిలి అతని ఇంటిదాకా వస్తుంది. రాయలసీమ, సర్కారు జిల్లాల మధ్య అపనమ్మకాన్ని తీర్చడానికి 1937లో శ్రీబాగ్ ఒడంబడిక అవసరమయిందని చరిత్ర చెబుతున్నది. ముల్కీ, నాన్‌ముల్కీ, లోకల్, నాన్‌లోకల్ అన్న మాటల బరువు 1952నూ, 1969నూ చూసినవారికి, విన్నవారికి నేను చెప్పనక్కరలేదు. వాటి న్యాయాన్యాయాల జోలికి ఈ వేదిక మీద నేను పోను. నవలలో చూడవలసింది ఒకటున్నది. మొదట అతన్ని తల్లి పేరుతో వేరు చేశారు, తరువాత పుట్టిన నేల పేరుతో వేరు చేశారు. రెండింటిలోనూ అతడు చేసిన పని ఏమీ లేదు. తన చేతులతో కట్టిన ఆస్పత్రికి విలువ లేకపోయింది, తనకు చేతిలో లేని పుట్టుకకు విలువ కట్టారు. ఆ నిప్పులో ఆస్తి కాలిపోయింది. ఇతరులు తన గురించి ఏమనుకుంటారో అన్న చింత కూడా దానితోపాటే కాలిపోయింది. నిప్పు మనకు శుద్ధి చేసేది కూడా కదా!

సోదరులారా, ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇంత తిరిగి దయానిధి కనుగొన్నదేమిటి?

తెలుగులో 'సమాధానం' అనే మాటను గమనించండి. ప్రశ్నకు జవాబు అన్నది ఒక అర్థం. మనస్సుకు శాంతి, రాజీ అన్నది మరో అర్థం. పరీక్షలో సమాధానం వ్రాస్తాం. అలిగినవాళ్ళను సమాధానపరుస్తాం. దయానిధి మొదటి అర్థంలో సమాధానం కోసం బయలుదేరాడు. తల్లి ఎందుకట్లా చేసింది? లోకం ఎందుకిట్లా ఉన్నది? నా దోషమేమిటి? వీటికి జవాబులు దొరకలేదు. దొరకవు కూడా. చివరకు రెండో అర్థంలో సమాధానం దొరికింది. జవాబు రాని ప్రశ్నలతోనే బ్రతకవచ్చునని, తనతో తనకు తగవు తీరితే చాలునని గ్రహించాడు. ఉపనిషత్తులు చదివి కాదు, దెబ్బలు తిని గ్రహించాడు. అందుకే ఇది ఆధ్యాత్మిక యాత్ర అంటున్నాను.

కొందరు దీన్ని వైరాగ్యం అంటారు. నేను ఒప్పుకోను. వైరాగ్యమే అయితే అతడు కొండల్లోకి పోయి ఉండేవాడు. అతడు తిరిగి జీవితంలోకే నడుస్తాడు, పక్కన కోమలి ఉంటుంది. లోకం తప్పు పట్టిన మనిషి, లోకం తప్పు పట్టిన మరో మనిషితో కలిసి నడుస్తాడు. తల్లి విషయంలో లోకం చూపని దయ, కోమలి విషయంలో అతడు చూపుతాడు. రాలిపోయిన 'దయ' అనే అక్షరాలు పేరులోకి తిరిగి వచ్చింది అప్పుడే అని నాకు తోస్తుంది.

అయితే ఈ నవలను కళ్ళు మూసుకుని మెచ్చుకోవడం కూడా సరికాదు. ఇక్కడున్న సోదరీమణులు తప్పక అడుగుతారు, అడగాలి కూడా: "దయానిధి తనను తాను తెలుసుకోవడానికి ఎంతమంది ఆడవాళ్ళు ఖర్చయ్యారు?" ఇందిర ఏ తప్పూ చేయలేదు. తండ్రి పంతానికీ, భర్త నిర్లిప్తతకూ నడుమ నలిగి, కాపురం కుదిరేసరికి ప్రాణం పోయింది. ఒక వాన రాత్రి అమృతానికీ అతనికీ నడుమ జరిగినదాన్ని, తరువాతి బిడ్డనూ రచయిత సూచనగానే వదిలారు. ఆ గుట్టును సంసారం మధ్యలో కూర్చుని మోయవలసింది అమృతమే. అతడు ఊళ్ళు మారి ప్రశాంతత వెదుక్కోగలిగాడు. ఆమెకు ఊరు మారే వీలు ఏది? తల్లి మీద వేసిన నింద అన్యాయమని బాధపడిన కొడుకే, రేపు ఇంకొక బిడ్డ మీద అటువంటి మాట పడే పరిస్థితికి కారకుడయ్యాడు. రచయిత దీన్ని దాచలేదు, అదే ఆయన నిజాయితీ. కాని దయానిధి దీనికి పూర్తిగా జవాబు చెప్పుకున్నాడని మాత్రం నేను అనలేను. తనతో తాను సమాధానపడేవాడు తనవల్ల బాధపడినవారితో కూడా సమాధానపడాలి. నవల అక్కడ మనకు కొంత పని మిగిల్చింది.

ఇక మన సంగతి. ముప్పై, ముప్పై అయిదు సంవత్సరాలు సర్కారు కొలువు చేశాం. మన పేరుకు ముందో వెనుకో హోదా ఉండేది. పదవీ విరమణ రోజున శాలువా కప్పి, పూలదండ వేసి, జీపులో ఇంటిదగ్గర దింపిపోయారు. మరునాడు పొద్దున లేస్తే ఆ హోదా ఇంట్లో లేదు. దయానిధి ఇల్లు ఒక్క రాత్రిలో కాలినట్టే, మన కుర్చీ కూడా ఒక్క సాయంత్రంలో పోయింది. ఏటేటా మనం బ్రతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. అది ప్రాణం ఉన్నదని చెబుతుంది. ఎట్లా బ్రతుకుతున్నామో చెప్పే సర్టిఫికెట్ మాత్రం ఎవరికి వారే ఇచ్చుకోవాలి.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి ఉండేవారు. సర్వీసులో ఉండగా ఆయన మీద ఒక ఆరోపణ వచ్చింది. విచారణ జరిగింది, నిర్దోషి అని తేలింది. పింఛను, గ్రాట్యుటీ అన్నీ సక్రమంగా అందాయి. అయినా ఆ పాత మెమో నకలును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, పెళ్ళికి పోయినా, చావుకు పోయినా పక్కన కూర్చున్నవారికి చూపించేవారు. "చూడండి, నన్నెంత మాటన్నారో" అనేవారు. విచారణాధికారి ఆయన్ను వదిలేసి పదిహేనేళ్ళయింది. ఆయన మాత్రం తనను తాను వదిలిపెట్టలేదు. ఒకనాడు వారి మనవడు, "తాతా, ఇందులో నీది తప్పు లేదని వ్రాసిన కాగితమేది?" అని అడిగాడు. వెదికితే ఆ ఆర్డరు ఇంట్లో ఎక్కడా కనబడలేదు. నింద కాగితం ఇరవై ఏళ్ళు భద్రంగా ఉన్నది. నిర్దోషి అన్న కాగితం ఎప్పుడో పోయింది. మన మనస్సుల్లో ఫైళ్ళు దాచే పద్ధతి కూడా ఇంతేనేమో ఆలోచించండి.

కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైన కాయో, పండో అక్కడ వదిలి వస్తారు. మన పెద్దలు పెట్టిన ఆచారంలో అర్థం ఉన్నది. కాని చాలామందిమి తినడానికి అంత ఇష్టం లేని కాకరకాయనో, పొట్లకాయనో వదిలి, కోపాన్ని భద్రంగా తిరిగి ఇంటికి తెచ్చుకుంటాం. దయానిధి కాశీకి పోలేదు. కాని తాను ఎక్కువ కాలం మోసినదాన్నే వదిలిపెట్టాడు. వదలవలసింది మనకు ఇష్టమైనదాన్ని కాదు, మనల్ని పట్టుకుని ఉన్నదాన్ని అని ఈ నవల నాకు నేర్పింది.

మన వయస్సులో ఈ నవల చదవడంలో ఒక సౌలభ్యం ఉన్నది. ఇరవై ఏళ్ళప్పుడు చదివితే కోమలి, అమృతం కనబడతారు. ఇప్పుడు చదివితే తల్లి కనబడుతుంది, కాలిన ఇల్లు కనబడుతుంది, అక్కడినుంచి నెమ్మదిగా నడిచిపోతున్న మనిషి కనబడతాడు. కథ వేగంగా సాగదు. మధ్యలో ఆలోచనలు ఎక్కువ. రోజుకు ఇరవై పేజీలకు మించకుండా, మధ్యాహ్నం నిద్రకు ముందు కాకుండా, పొద్దుటి చాయ్ తరువాత చదవమని నా సలహా. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ చదివితే మరీ మంచిది. ఇందిర గురించి, అమృతం గురించి ఆమె ఏమంటుందో వినండి. మనకు తోచని సంగతులు తప్పక చెబుతుంది.

చివరగా ఒక్క మాట. కొలువు పోతుంది, బలం తగ్గుతుంది, పిల్లలు దూరాన ఉంటారు, తోటివారు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటారు. ఇవి అందరికీ ఉన్నవే. మిగిలేది ఏమిటన్న ప్రశ్నకు ఆస్తి జాబితా వ్రాసి జవాబు చెప్పలేం. ఎవరిని క్షమించాలో, ఎవరిని క్షమాపణ అడగాలో, మనల్ని మనం ఏ విషయంలో వదిలిపెట్టాలో ఒక కాగితం మీద వ్రాసుకుంటే, ఆ జాబితా దగ్గర జవాబు మొదలవుతుంది. అది వ్రాయడానికి ఏ ఆఫీసు అనుమతీ అక్కరలేదు, గడువు తేదీ మాత్రం మనకు తెలియదు. కనుక త్వరపడడం మంచిది.